క్రియాటినిన్ బాగుందని ఫైలు మూసేయొద్దు

మీ ఇంట్లో బీరువా పైఅరలో ఒక ఫైలు ఉండే ఉంటుంది. నాన్నగారి షుగరు రిపోర్టులు, అమ్మ బీపీ చీటీలు, ఎప్పుడో తీయించిన ఈసీజీ, మందుల షాపు బిల్లులు అన్నీ అందులోనే. ఒకసారి దాన్ని తీసి చూడండి. ‘సీరం క్రియాటినిన్’ అన్నచోట 1.0 అనో, 1.1 అనో కనిపిస్తుంది. పక్కనే ల్యాబువాళ్లు వేసిన నార్మల్ హద్దు. ఆ హద్దులోనే ఉంది కాబట్టి ‘కిడ్నీలు బాగున్నాయట’ అనుకుంటాం. ఫైలు మళ్లీ పైఅరలోకి వెళ్లిపోతుంది.

ఈ వారం మేం చెప్పదలచుకున్నది ఒక్కటే. ఆ ఒక్క అంకె చూసి ఫైలు మూసేయొద్దు. కిడ్నీ దెబ్బతినటం మొదలైన చాలా ఏళ్లకు గానీ క్రియాటినిన్ కదలదు. అసలు కథ అంతకుముందే, కణాల్లో మొదలవుతుంది. అక్కడ ఏం జరుగుతోందో ఇప్పుడిప్పుడే స్పష్టంగా తెలుస్తోంది. అది తెలిస్తే ఏ పరీక్ష ఎందుకు, ఎప్పుడు చేయించుకోవాలో మీకే బోధపడుతుంది.

శివారు మడి చెప్పే పాఠం

ఈ మాట నాగాయలంక రైతుకు చాలా తేలిగ్గా అర్థమవుతుంది. కృష్ణా తూర్పు డెల్టాలో అది శివారు. ప్రకాశం బ్యారేజీ దగ్గర వదిలిన నీరు కాలువల వెంట వచ్చి, పులిగడ్డ అక్విడక్టు మీదుగా దివిసీమలో అడుగుపెట్టి, అవనిగడ్డ దాటాక గానీ అక్కడి పంటబోదెల్లోకి దిగదు. శివారు మడి నెర్రెలు విచ్చిందంటే తప్పు ఆ రోజు జరిగింది కాదు, ఆ మడి దగ్గర జరిగిందీ కాదు. ఎగువన ఎక్కడో ఎత్తాల్సిన షట్టరు ఎత్తలేదు, లేదా దించాల్సింది దించలేదు. నెర్రె కనబడే సరికి ఎన్నో రోజులు గడిచిపోయి ఉంటాయి.

క్రియాటినిన్ పెరగటమూ అలాంటి నెర్రే. చివర కనబడుతుంది. తప్పు మాత్రం ఎగువన, ఏనాడో జరిగి ఉంటుంది.

సుబ్బారావు గారు, మీ రిపోర్టులోని అంకె

క్రియాటినిన్ వెనక ఒక తెలుగువాడి కథ ఉంది. 1895లో భీమవరంలో పుట్టిన యల్లాప్రగడ సుబ్బారావు అమెరికాలో హార్వర్డ్‌లో పనిచేస్తూ, సైరస్ ఫిస్కేతో కలిసి 1927లో కండరాల్లో ఫాస్ఫోక్రియాటిన్ అనే పదార్థాన్ని కనుగొన్నారు. కండరం బిగుసుకునేటప్పుడు తక్షణ శక్తిని అందించేది ఇదే. ఈ క్రియాటిన్, ఫాస్ఫోక్రియాటిన్ నుంచే రోజూ కొంత క్రియాటినిన్ తయారవుతుంది. అది కండరం వదిలే వ్యర్థం. దాన్ని రక్తంలోంచి వడకట్టి బయటకు పంపేది కిడ్నీలు.

ఇక్కడే ఒక చిక్కుంది. కండ ఎక్కువుంటే క్రియాటినిన్ ఎక్కువ తయారవుతుంది. కండ తక్కువుంటే తక్కువ. కాబట్టి ఒకే అంకెకు అందరిలో ఒకే అర్థం ఉండదు. మీ ఇంట్లో 25 ఏళ్ల అబ్బాయికీ, 70 ఏళ్ల నాయనమ్మకూ క్రియాటినిన్ 1.1 వచ్చిందనుకోండి. వయసు, ఆడా మగా అన్నది కలిపి లెక్కగట్టే ఇప్పటి సూత్రం ప్రకారం అబ్బాయి కిడ్నీల వడపోత వేగం సుమారు 95. నాయనమ్మది సుమారు 54. ఈ వడపోత వేగాన్నే ఈజీఎఫ్ఆర్ అంటారు. అది 60 కన్నా తగ్గి మూడు నెలలకు పైగా అలాగే ఉంటే దీర్ఘకాలిక కిడ్నీ జబ్బు ఉన్నట్టే. రిపోర్టులో ఇద్దరి అంకే ‘నార్మల్’ పక్కనే ఉంటుంది. మనం పట్టించుకోం.

పైగా కిడ్నీలకు ఓర్పు ఎక్కువ. ఒక్కో కిడ్నీలో సుమారు 10 లక్షల వడపోత యంత్రాలు ఉంటాయి. రెండు కిడ్నీలూ కలిసి రోజుకు సుమారు 180 లీటర్ల ద్రవాన్ని వడకట్టి, దాదాపు అంతా తిరిగి రక్తంలోకి పంపించి, లీటరున్నర వరకు మూత్రంగా వదులుతాయి. కొన్ని యంత్రాలు పాడైతే మిగతావి ఆ బరువు మోస్తాయి. అందుకే పనితీరు దాదాపు సగం పడిపోయేదాకా కూడా చాలామందిలో క్రియాటినిన్ హద్దు దాటదు. నొప్పి ఉండదు, మూత్రమూ మామూలుగానే వస్తుంది. కాళ్ల వాపు, ఆయాసం, వాంతులు వచ్చేసరికి ఆలస్యమైపోతుంది.

షట్టర్లు ఎవరి చేతిలో ఉన్నాయి?

ఇప్పుడు ఎగువకు వెళ్దాం. మన శరీరంలో దాదాపు ప్రతి కణంలోనూ డీఎన్ఏ ఉంటుంది. ప్రొటీన్లు తయారుచేసే సమాచారమంతా అందులోనే. దాన్ని బ్యారేజీ అనుకోండి. కణానికి ఏదైనా ప్రొటీన్ కావాలంటే ఆ ముక్కకు నకలు తీస్తుంది. ఆ నకలు పేరు ఆర్ఎన్ఏ. బ్యారేజీ నుంచి కాలువలోకి వదిలిన నీరు లాంటిదిది. ఇది ఎంతసేపు నిలిస్తే అంత ప్రొటీన్ తయారవుతుంది.

కానీ నీరు వదిలితే చాలదు కదా. ఏ బోదెకు ఎన్ని రోజులు, వంతు ఎప్పుడు, షట్టరు ఎప్పుడు దించాలి అన్నది చూసుకోవటానికి కాలువల మీద లస్కర్లు ఉంటారు. కణంలో ఆ పని చేసేవే ఆర్ఎన్ఏను అంటిపెట్టుకునే ప్రొటీన్లు. మనిషి శరీరంలో ఇవి 1,500 రకాలకు పైనే ఉన్నాయి. కొన్ని ఆర్ఎన్ఏను పట్టుకుని చెదిరిపోకుండా కాపాడతాయి. కొన్ని త్వరగా చెరిపేస్తాయి. కొన్ని దాన్ని కత్తిరించి అతికిస్తాయి. కొన్ని కణంలో ఎక్కడికి వెళ్లాలో అక్కడికి చేరుస్తాయి.

కిడ్నీ విషయంలో ఇద్దరు లస్కర్ల పేర్లు తెలుసుకుంటే చాలు. ఒకరు హ్యూఆర్. ఇంకొకరు టీటీపీ. ఇద్దరూ ఒకే రకం ఆర్ఎన్ఏల మీద పనిచేస్తారు. వాపు ప్రక్రియను రగిలించే ప్రొటీన్ల సమాచారాన్ని మోసే ఆర్ఎన్ఏలు వీటిలో ముఖ్యమైనవి. హ్యూఆర్ వాటిని నిలబెడుతుంది, అంటే షట్టరు ఎత్తి ఉంచుతుంది. టీటీపీ వాటిని చెరిపేస్తుంది, అంటే షట్టరు దించేస్తుంది. దెబ్బ తగిలినప్పుడు, సూక్ష్మజీవులు దాడి చేసినప్పుడు కాసేపు వాపు ప్రక్రియ అవసరమే. పని అయ్యాక అది ఆగిపోవటమూ అంతే అవసరం. టీటీపీ లేకపోతే ఏమవుతుందో 1996లో శాస్త్రవేత్తలు ఎలుకల్లో చూశారు. ఆ జన్యువును తీసేసిన ఎలుకలు ఒళ్లంతా వాపు ప్రక్రియతో, కీళ్లవాతంతో బక్కచిక్కిపోయాయి. షట్టరు దించే మనిషి లేకపోతే చేను మునిగిపోతుంది కదా, అలాగన్నమాట.

మధుమేహంలో జరిగేదీ ఇలాంటిదే, కాకపోతే మెల్లగా. హ్యూఆర్ మామూలుగా కణ కేంద్రకంలో ఉంటుంది. గ్లూకోజు ఎక్కువగా ఉన్నప్పుడు, రక్తపోటును పెంచే యాంజియోటెన్సిన్ హార్మోన్ ఉద్ధృతంగా ఉన్నప్పుడు అది కేంద్రకం దాటి బయటకు వస్తుంది. షట్టర్లు ఎత్తటం మొదలెడుతుంది. మధుమేహంతో దెబ్బతిన్న కిడ్నీల్లో హ్యూఆర్ పెరిగినట్టు, టీటీపీ తగ్గినట్టు పరిశోధనల్లో కనిపించింది. అంటే ఎత్తేవాడు రోజంతా పనిలో ఉన్నాడు, దించేవాడు రావటం లేదు. వాపును రగిలించే ప్రొటీన్లు, మచ్చకట్టే పదార్థాలు ఆగకుండా తయారవుతుంటాయి. మెత్తగా ఉండాల్సిన జల్లెడ గట్టిపడుతుంది. దాన్ని కాపలా కాసే పోడోసైట్లనే కణాలు రాలిపోతాయి. ఈ పోడోసైట్ల మీద హైదరాబాద్ విశ్వవిద్యాలయంలోనూ పరిశోధనలు జరుగుతున్నాయి.

ఇదంతా జరుగుతున్నప్పుడు క్రియాటినిన్ మాత్రం 1.0 దగ్గరే ఉంటుంది. జల్లెడ కన్నాలు వదులైన సంగతి ముందుగా మూత్రంలో తెలుస్తుంది. రక్తంలో ఉండాల్సిన అల్బుమిన్, మన వాడుకలో సుద్ద, మూత్రంలోకి జారటం మొదలవుతుంది. ఆ తొలి జాడను పట్టుకునే పరీక్ష మన ఫైళ్లలో చాలావాటిలో ఉండదు. మా బాధ అదే.

ఈ పేర్లు మీ రిపోర్టులోనూ ఉండొచ్చు

ఇదంతా ల్యాబుల్లో జరిగే గొడవ, మనకెందుకు అనుకోకండి. ఇంట్లో ఎవరికైనా కీళ్ల నొప్పులు, ముఖం మీద ఎర్ర దద్దు, వదలని జ్వరం వస్తే డాక్టర్లు ఏఎన్ఏ ప్రొఫైల్ రాస్తారు. అందులో ఎస్ఎం, ఆర్ఎన్‌పీ, ఆర్ఓ, ఎల్ఏ అని వరుసగా పేర్లుంటాయి. అవన్నీ ఆర్ఎన్ఏతో ముడిపడి ఉండే ప్రొటీన్లే. లూపస్ జబ్బులో మన రోగనిరోధక వ్యవస్థ పొరపాటుపడి సొంత ప్రొటీన్ల మీదే యాంటీబాడీలు తయారుచేస్తుంది. ఎస్ఎం యాంటీబాడీని 1966లోనే గుర్తించారు. అది అంటుకునేది ఆర్ఎన్ఏను కత్తిరించి అతికించే ప్రొటీన్ల ముఠాకని 1979లో అమెరికాలోని యేల్ విశ్వవిద్యాలయంలో జోన్ స్టైట్జ్, మైఖేల్ లెర్నర్ తేల్చారు. లూపస్ ఎక్కువగా వచ్చేది పిల్లలు కనే వయసులోని ఆడవాళ్లకు. ఆ జబ్బు కిడ్నీలకు పాకటం చాలా మామూలు. కాబట్టి కీళ్ల నొప్పులకు మందు వాడుకుంటూ కూర్చుంటే చాలదు. మూత్రంలో సుద్ద, రక్తకణాలు పోతున్నాయేమో చూపించుకుంటూ ఉండాలి.

వంశపారంపర్యంగా కిడ్నీల్లో నీటితిత్తులు వచ్చే జబ్బులోనూ ఈ లస్కర్ల పాత్ర ఉంది. బిక్సీ1 అనే ఆర్ఎన్ఏ ప్రొటీన్ లోపించిన ఎలుకల కిడ్నీల్లో తిత్తులు పుట్టుకొచ్చాయి. మనుషుల్లో ఈ జబ్బుకు కారణమయ్యే పీకేడీ2 జన్యువు ఆర్ఎన్ఏను కాపాడే పని దీనిదని ఆ ప్రయోగాల్లో తెలిసింది.

ఆర్ఎన్ఏను అదుపుచేసే మందు ఇప్పటికే కిడ్నీ రోగులను చేరింది కూడా. పుట్టుకతో కాలేయంలో ఒక లోపం వల్ల ఆక్సలేట్ విపరీతంగా తయారై, పిల్లల కిడ్నీలను రాళ్లతో నింపేసే అరుదైన జబ్బు ఒకటుంది. దానికి లుమసిరాన్ అనే ఇంజెక్షన్‌ను అమెరికాలో 2020లో అనుమతించారు. ఈ మందు శరీరంలోని ఆర్గోనాట్ అనే ఆర్ఎన్ఏ ప్రొటీన్‌కు గుర్తు చూపిస్తుంది. అది వెళ్లి ఆక్సలేట్ తయారీకి తోడ్పడే ఆర్ఎన్ఏను తుంచేస్తుంది. కావాల్సిన షట్టరు ఒక్కటే దించటమన్నమాట.

ఆశ ఉంది, తొందర వద్దు

మరి మధుమేహ కిడ్నీ జబ్బుకు హ్యూఆర్‌ను ఆపే మందు ఉందా? ఎలుకల మీద ప్రయోగాల్లో అలాంటి పదార్థాలు మంచి ఫలితాలే చూపించాయి. మనుషులకు వాడే కిడ్నీ మందుగా మాత్రం ఇంకా ఏదీ రాలేదు. అందులో కష్టమూ ఉంది. హ్యూఆర్ ఒక్క కిడ్నీలోనే కాదు, దాదాపు ఒళ్లంతా ఉంటుంది. శివారులో నీళ్లు ఎక్కువయ్యాయని బ్యారేజీ దగ్గరే అన్నీ బంద్ చేస్తే ఏమవుతుందో మీకు తెలియంది కాదు. కాబట్టి ‘ఆర్ఎన్ఏ చికిత్స’, ‘కిడ్నీ కణాలను తిరిగి పుట్టించే మందు’ అంటూ ఎవరైనా పొడులు, చుక్కలు అమ్మజూపితే డబ్బు ఇవ్వకండి. వాటిలో కలిసే భార లోహాలు ఉన్న కిడ్నీని కూడా తీసుకుపోవచ్చు.

అయినా చేతులు ముడుచుకుని కూర్చోనక్కర్లేదు. షట్టర్లను ఎత్తిస్తున్నవి ఎక్కువ గ్లూకోజు, ఎక్కువ రక్తపోటు, యాంజియోటెన్సిన్ ఉద్ధృతి. వాటిని తగ్గించటం మన చేతిలోనే ఉంది. రామిప్రిల్, టెల్మిసార్టన్ వంటి బీపీ మందులు యాంజియోటెన్సిన్‌నే అడ్డుకుంటాయి. అందుకే సుద్ద పోతున్నవారికి ఇవి బీపీ తగ్గించటంతో పాటు కిడ్నీనీ కాపాడతాయి. డాపాగ్లిఫ్లోజిన్ మాత్ర మీద 2020లో వెలువడిన పెద్ద అధ్యయనంలో 4,304 మంది కిడ్నీ జబ్బువారు పాల్గొన్నారు. కిడ్నీ పనితీరు సగానికి పైగా పడిపోవటం, కిడ్నీలు పూర్తిగా విఫలమవటం, కిడ్నీ లేదా గుండె జబ్బుతో చనిపోవటం వంటి ముప్పులన్నీ కలిపి చూస్తే మాత్ర వాడినవారిలో 39 శాతం తగ్గాయి. మధుమేహం లేనివారికీ మేలు జరిగింది. ఇప్పుడు ఈ కోవ మందుల్లో జనరిక్‌లు వచ్చి ధరలూ దిగివచ్చాయి. మీకు సరిపోతుందో లేదో డాక్టరే చెప్పాలి గానీ, ‘నాకు ఇది అవసరమా?’ అని అడగటానికి మొహమాటపడొద్దు.

అన్నిటికన్నా ముఖ్యం, ఈ మందులు ముందుగా మొదలెడితేనే ఎక్కువ మేలు. గ్లూకోజు అదుపు విషయంలోనూ ఇదే మాట. మొదటిరకం మధుమేహం ఉన్న 1,441 మందితో జరిపి 1993లో ప్రకటించిన అధ్యయనంలో తొలి ఏళ్లలో గట్టిగా అదుపు చేసుకున్నవారి కిడ్నీలకు ఆ మేలు తర్వాత చాలా ఏళ్లు కొనసాగింది.

మీరు చేయాల్సింది

మొదట పరీక్ష. పేరు గుర్తుపెట్టుకోండి: మూత్రంలో అల్బుమిన్, క్రియాటినిన్ నిష్పత్తి. ల్యాబులో ఏసీఆర్ అంటే చాలు. ఉదయం మొదటిసారి వచ్చే మూత్రం కాస్త ఇస్తే సరిపోతుంది. ఫలితం 30 లోపుంటే మామూలు. 30 నుంచి 300 ఉంటే జల్లెడ వదులవుతున్నట్టు. 300 దాటితే దెబ్బ బాగానే తగిలినట్టు. జ్వరం, మూత్రంలో ఇన్‌ఫెక్షన్, నెలసరి, బాగా కష్టపడి పనిచేయటం వల్ల కూడా అంకె పెరగొచ్చు. అందుకే ఒక్కసారి ఎక్కువొచ్చిందని బెంబేలెత్తకుండా, మూడు నెలల లోపు మళ్లీ చేయించి నిర్ధారించుకోవాలి. దీనితో పాటు క్రియాటినిన్ చేయించి, ఈజీఎఫ్ఆర్ లెక్కగట్టి ఇమ్మని అడగండి.

ఎవరికి? రెండో రకం మధుమేహం బయటపడిన రోజే, ఆపై ఏడాదికోసారి. మొదటి రకంవారికి అయిదేళ్ల తర్వాత నుంచి ఏటా. అధిక రక్తపోటు, గుండె జబ్బు ఉన్నవారికి, ఇంట్లో ఎవరికైనా కిడ్నీ జబ్బు ఉన్నవారికి కూడా. ఇది కొద్దిమంది సంగతి కాదు. ఐసీఎంఆర్ 2023లో వెల్లడించిన లెక్కల ప్రకారం దేశంలో మధుమేహులు 10 కోట్లకు పైనే. పెద్దల్లో మూడోవంతుకు పైగా అధిక రక్తపోటు ఉంది.

ఇక వంటిల్లు. రోజుకు మనిషికి అయిదు గ్రాములకు మించి ఉప్పు వద్దని ప్రపంచ ఆరోగ్య సంస్థ మాట. తీరంలో ఉండే మన ఇళ్లలో ఎండుచేపలు, ఆవకాయ, ఊరమిరపకాయలు, అప్పడాలతోనే అది దాటిపోతుంది. పూర్తిగా మానమనటం లేదు. ఎండుచేప పులుసు చేసిన రోజున పచ్చడి జాడీ తీయకండి. ‘లో సోడియం’ ఉప్పు మంచిదని ఎవరైనా చెబితే జాగ్రత్త. అందులో పొటాషియం ఉంటుంది. కిడ్నీ జబ్బు ఉన్నవారు డాక్టరును అడగకుండా వాడకూడదు.

నొప్పి మాత్రలు ఇంకో ముఖ్యమైన సంగతి. చెరువు గట్టు మీదో, చేలోనో రోజంతా ఎండలో పనిచేసి వచ్చి, ఒళ్లు నొప్పులకు డైక్లోఫెనాకో ఐబుప్రొఫెనో వేసుకోవటం చాలామందికి అలవాటు. చెమటతో ఒంట్లో నీరు తగ్గిన వేళ ఈ మాత్రలు కిడ్నీకి రక్తం అందనివ్వవు. పనిచేసేటప్పుడు దాహం వేయక ముందే నీళ్లు తాగండి. మాత్ర అలవాటైతే మానే దారి డాక్టరుతో మాట్లాడండి.

నీళ్ల సంగతి కూడా చెప్పాలి. ఉద్దానం, ఎ.కొండూరు పేర్లు విన్నప్పుడల్లా సముద్రం ఒడ్డునున్న మనవాళ్లకు గుబులే. ఉప్పునీటి ఊళ్లు కదా, మనకూ అదే గతా అని. ఉద్దానంలో కారణం ఏమిటన్నది ఏళ్లుగా వెతుకుతూనే ఉన్నారు. 2023 డిసెంబరులో పలాసలో కిడ్నీ పరిశోధన కేంద్రం, 200 పడకల ఆసుపత్రి మొదలయ్యాయి. మంచినీటి కోసం అడగటం, పోరాడటం న్యాయమే. కానీ ఆ గుబులులో పడి ఇంట్లో ఉన్న షుగరును, బీపీని మరచిపోవద్దు. మన దేశంలో దీర్ఘకాలిక కిడ్నీ జబ్బుకు తెలిసిన కారణాల్లో మొదటిది మధుమేహమే.

డయాలసిస్ అంటే వారానికి రెండు మూడు సార్లు, ఒక్కోసారి నాలుగు గంటలు. దివిసీమ చివరి ఊరి నుంచి పెద్దాసుపత్రికి వెళ్లిరావాలంటే ఆ రోజంతా పోయినట్టే. తోడు వెళ్లే మనిషి కూలీ కూడా పోతుంది. చదువుకునే పిల్లల ఫీజు, ఆడపిల్ల పెళ్లికి దాచింది అందులోనే కరిగిపోతుంది. దాన్ని అన్ని ఇళ్లలోనూ ఆపలేకపోవచ్చు. చాలా ఇళ్లలో ఆపొచ్చు, కనీసం ఏళ్ల తరబడి వెనక్కి నెట్టొచ్చు.

శివారు రైతు మడి ఎండేదాకా ఇంట్లో కూర్చోడు. వంతు వచ్చే రోజున సైకిలేసుకుని కాలువ వెంట ఎగువకు వెళ్లి, లాకు దగ్గర నీరెంతుందో చూసి వస్తాడు. మనమూ ఆ పనే చేద్దాం. ఈ ఆదివారం ఆ ఫైలు కిందికి దించండి. క్రియాటినిన్ అంకె సరే, దాని పక్కన ఏసీఆర్ ఉందా? లేకపోతే సోమవారం ఉదయం అమ్మనో నాన్ననో ల్యాబుకు తీసుకెళ్లండి. వచ్చిన కాగితాన్ని డాక్టరుకు చూపించాకే ఫైలు మూయండి.